క్లబ్బు పియానో రికార్డింగులు: గ్లాసుల చప్పుడుతో సహా

జాజ్ పియానో కొత్తగా వినేవాళ్ల చేతిలో ఎవరైనా ముందు స్టూడియో రికార్డులే పెడతారు. శుభ్రంగా ఉంటాయి, దగ్గూ తుమ్మూ వినపడవు. నేను మాత్రం క్లబ్బులో తీసినవే ముందు వినమంటాను. వాటిలో వెనక ఎవరో నవ్వుతుంటారు, గ్లాసులో ఐసు గలగలమంటుంది, పాట సగంలో ఉండగా ఎవరో కుర్చీ లాగుతారు. "ఇదంతా తుడిచేసి ఇవ్వలేరా?" అని మా ఒడిశా బరంపురంలో కీబోర్డు నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. తుడిస్తే దాంతోపాటు పియానో కూడా కొంత పోతుంది. అది ఎందుకో తెలిస్తే ఈ రికార్డింగుల రుచి సగం తెలిసినట్టే.

స్టూడియోలో డ్రమ్స్ ఒక గదిలో, పియానో ఒక గదిలో, బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం) గాజు తలుపు వెనక ఉండొచ్చు. హెడ్‌ఫోన్లలో ఒకరినొకరు వింటారు. ఎవరి ట్రాక్ వారిదే కాబట్టి ఇంజనీరు తర్వాత తీరిగ్గా కూర్చుని బేస్ పెంచుతాడు, డ్రమ్స్ తగ్గిస్తాడు. క్లబ్బులో ఆ వీలు లేదు. చిన్న వేదిక మీద ముగ్గురూ మోచేతులు తగిలేంత దగ్గరగా ఉంటారు. పియానో తీగలకి అడుగు ఎత్తున పెట్టిన మైకులోకి పక్కనున్న డ్రమ్స్ ఇత్తడి పళ్లెం, సింబల్, కూడా దూరుతుంది. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరుకి 3 మిల్లీ సెకన్లు. డ్రమ్స్ పియానో మైకుకి 1 మీటరు దూరంలో ఉన్నా తమ సొంత మైకులోకి వెంటనే, పియానో మైకులోకి దాదాపు 3 మిల్లీ సెకన్లు ఆలస్యంగా చేరతాయి. రెండూ కలిపితే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, సింబల్ డొల్లగా వినిపిస్తుంది. అందుకే మైకుకీ దాని వాద్యానికీ ఎంత దూరముందో, మైకుకీ మైకుకీ మధ్య కనీసం దానికి మూడింతలు ఉంచమంటారు. క్లబ్బు వేదిక మీద అది చాలాసార్లు కుదరదు.

పైగా 1950లు, 60ల్లో ఇలాంటివి ఎక్కువగా రెండు ట్రాకుల టేపు మీదకే తీసేవారు. ఆ రాత్రి టేపులోకి ఏ పాళ్లలో వెళ్లిందో అదే ఆఖరు. పియానో పెంచితే డ్రమ్స్ కూడా పెరుగుతాయి. కాబట్టి పాళ్లు కుదిర్చే పని వాయించేవాళ్ల చేతుల మీద పడింది. బేస్ సోలోకి వచ్చేసరికి డ్రమ్మర్ కర్రలు పక్కన పెట్టి బ్రష్షులు తీస్తాడు, పియానో వాయించేవాడు ఎడమచెయ్యి పూర్తిగా ఎత్తేస్తాడు. ఒకరు గట్టిగా వాయించేస్తే దిద్దే నాథుడు ఉండడు. మనం వినేది ఆ క్షణంలో వాళ్లు తీసుకున్న నిర్ణయాలు. క్లబ్బు రికార్డింగులో నన్ను పట్టేసేది ఇదే. మిగతాదంతా దీని తర్వాతే.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ ఒకటుంది, చూపించడం న్యాయమే. 1961 జూన్ 25, ఆదివారం. న్యూయార్కులో విలేజ్ వాన్‌గార్డ్ అనే నేలమాళిగ క్లబ్బు. మాక్స్ గోర్డన్ 1935 నుంచి సెవెంత్ అవెన్యూ సౌత్‌లో అదే చోట నడిపాడు. సాపుగా నాలుగు మూలలు లేని, ఒక కొనకి ఇరుకవుతూ పోయే గది. 123 మంది పడతారు. ఆ రోజు పియానో మీద బిల్ ఎవాన్స్, బేస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద పాల్ మోషన్. రివర్‌సైడ్ రికార్డు కంపెనీకి నిర్మాత ఓరిన్ కీప్‌న్యూస్, ఇంజనీరు డేవ్ జోన్స్. మధ్యాహ్నం రెండు సెట్లు (మధ్యలో విరామం లేకుండా వాయించే విడతలు), రాత్రి మూడు. పదకొండు రోజులకి, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. ఆ టేపుల నుంచి ముందు విడుదలైన రికార్డులో అతను బాగా వినిపించే పాటలు ఏరి పెట్టారు. మొదటిదీ చివరిదీ అతను కట్టినవే. మిగిలినవాటిలోంచి 'వాల్ట్జ్ ఫర్ డెబీ' అనే రెండో రికార్డు వచ్చింది. ఐదు సెట్లూ జరిగిన వరుసలో మూడు సీడీల పెట్టెగా 2005లో వచ్చాయి.

కొనేదైనా, స్ట్రీమింగులో వెతికేదైనా ఆ మూడు సీడీల పెట్టే చూసుకోండి. అందులో మొదటి పాట 'గ్లోరియాస్ స్టెప్' మధ్యలో శబ్దం గుటుక్కున పోయి మళ్లీ వస్తుంది. కరెంటు పోయింది. గంజాం జిల్లాలో ఉన్నవాళ్లకి ఇదేమీ వింత కాదు గానీ, మీ ఫైలు పాడయిందనుకుని మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యకండి. అది అలాగే ఉంటుంది. వాయించేవాళ్లు మాత్రం ఆగలేదు.

ఆ పెట్టెలో 'ఆల్ ఆఫ్ యూ' మూడుసార్లుంది. వినడం నేర్చుకోవాలంటే ఈ మూడింటికంటే మంచి పాఠం నాకు తెలీదు. మొదటిసారి మూడూ వరుసగా పియానో మీదే చెవి పెట్టి వినండి. రెండోసారి బేస్ మాత్రమే. అప్పట్లో మామూలు బేస్ వాద్యకారుడు లెక్కగా ప్రతి తాళం దెబ్బకీ ఒక స్వరం వేస్తూ నడుస్తాడు. లఫారో చాలాచోట్ల అలా నడవడు. పియానో వాక్యం ఆగినచోట అందుకుంటాడు, పై స్థాయికి ఎక్కి మళ్లీ దిగుతాడు. మూడోసారి ఎవాన్స్ ఎడమచెయ్యి.

ఎడమచెయ్యి గురించి కాస్త ఆగాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ దారి తప్పుతారు. స గ ప ని అనే నాలుగు స్వరాల కార్డు (ఒకేసారి కలిపి నొక్కే స్వరాల గుత్తి) ఉందనుకోండి. మన పిల్లలు కీబోర్డు మీద ఎడమచేత్తో కింద స తప్పకుండా నొక్కుతారు. అలాగే నేర్పుతారు కూడా. ఎవాన్స్ చాలాసార్లు స వదిలేసి గ, ప, ని, పైన రి మాత్రమే పట్టుకుంటాడు. అది కూడా పియానో నట్టనడుమ, కీబోర్డు నడుమనున్న 'సి' మెట్టుకి అటూ ఇటూగా. స పని బేస్‌ది. డబుల్ బేస్ అట్టడుగు తీగ 41 హెర్ట్‌జ్ దగ్గర మోగుతుంది. పియానో ఎడమచెయ్యి అక్కడికే దిగితే రెండూ కలిసి మసకబారిపోతాయి. ఎవాన్స్ ఆ చోటు ఖాళీ చేసి ఇచ్చాడు కాబట్టే లఫారోకి తిరగడానికి జాగా దొరికింది. ఇది తెలియక, యూట్యూబులో చూసి ఈ కార్డులు బేస్ లేకుండా ఒంటరిగా వాయిస్తే గాల్లో వేలాడుతున్నట్టుంటాయి. తప్పు కార్డుది కాదు. తోడు బేస్ లేకపోతే స మీరే వెయ్యాలి.

ఇది బరువనిపిస్తే ఇంకో పియానో వాద్యకారుడు అహ్మద్ జమాల్ దగ్గరికి వెళ్లండి. 1958 జనవరి 16, షికాగోలో పెర్షింగ్ హోటల్ లౌంజి. ఇజ్రాయెల్ క్రాస్బీ బేస్, న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన వెర్నెల్ ఫోర్నియే డ్రమ్స్. ఆ రికార్డు అమెరికాలో వంద వారాలకు పైగా చార్టుల్లో నిలిచింది. 'పొయిన్‌సియానా' ఎనిమిది నిమిషాలుంటుంది. డ్రమ్స్ వరస మొదటి నుంచీ దాదాపు ఒకటే, అది ఊయలలా ఊగుతుంటే జమాల్ రెండు స్వరాలు వేసి చెయ్యి తీసేస్తాడు. ఆ ఖాళీలో జనం గుసగుస వినపడుతుంది. స్టూడియోలో ఆ ఖాళీ నిజంగానే ఖాళీ అయిపోయేది. ఇక్కడ గది ఉందని చెవికి తెలుస్తూ ఉంటుంది కాబట్టి అతను వాయించకపోవడం కూడా లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు గ్లాసుల సంగతి. జనం శబ్దం మీకు మూడు పనులు చేసిపెడుతుంది.

ఒకటి, వాల్యూము ఎంత పెట్టాలో చెబుతుంది. పియానో అసలు ఎంత గట్టిగా ఉండాలో మనలో చాలామందికి తెలీదు, ఎదురుగా విన్నవాళ్లం తక్కువ. మనిషి గొంతు మాత్రం అందరికీ తెలుసు. పాటకీ పాటకీ మధ్య మాటలు పక్క బల్ల దగ్గర నుంచి వచ్చినట్టు అనిపించేదాకా వాల్యూము తిప్పి అక్కడ ఆపండి. ఇక ముట్టుకోకండి.

రెండోది, ఫైలు మంచిదో కాదో చెబుతుంది. దీనికి చప్పట్లే పరీక్ష. ఎంపీ3 శబ్దాన్ని 26 మిల్లీ సెకన్ల ముక్కలుగా కోసి కుదిస్తుంది. చప్పట్లాంటి పదునైన దెబ్బలు వందలు ఒకేసారి పడితే ఆ ముక్కల్లో అలికినట్టయిపోతాయి. బిట్‌రేటు (సెకనుకి వాడే డేటా) తక్కువైతే చప్పట్లు కాగిన నూనెలో ఏదో వేసినట్టు 'సుయ్' మంటాయి. మంచి ఫైల్లో విడివిడి అరచేతులు వినపడతాయి: ఇక్కడొకరు మెల్లగా, అక్కడొకరు ఠపఠపా. 128 కేబీపీఎస్ ఎంపీ3లో తేడా సులువుగా దొరుకుతుంది. 320లో నాకు చాలా పాటల్లో దొరకదు, దొరుకుతుందని ఒట్టేసేవాళ్లని నేను పెద్దగా నమ్మను. సీడీ నాణ్యత కుదించకుండా అయితే నిమిషానికి దాదాపు 10 ఎంబీ, నాణ్యత పోకుండా కుదించే ఎఫ్‌ఎల్‌ఏసీ అయితే అందులో సగం అటూ ఇటూ. మెమరీ కార్డులు ఇంత చవకైపోయాక పీనాసితనం ఎందుకు?

మూడోది దూరం. గ్లాసు చప్పుడు పియానోకంటే దగ్గర నుంచి వస్తే మైకు జనం వైపు ఉందన్నమాట, మీరు బల్ల దగ్గర కూర్చున్నారు. మరీ దూరంగా, మసకగా వస్తే మైకులు పియానో లోపలే ఉన్నాయి, మీరు తీగల మీదకి వంగి వింటున్నారు. రెండూ బాగుంటాయి, కానీ రెండింటినీ ఒకేలా వినకూడదు. రెండోదాంట్లో సుత్తి తీగని తాకే 'టక్' ఎక్కువ, పెడల్ చప్పుడు కూడా పడుతుంది. గదిని వెతికితే దొరకదు.

ఫోన్లో కొన్ని సెట్టింగులు సరిచెయ్యకపోతే పైన చెప్పిందంతా వృథా. గ్యాప్‌లెస్ ప్లేబ్యాక్ ఆన్ చెయ్యండి, లేకపోతే పాట మారేచోట చప్పట్లు తెగి అరసెకను నిశ్శబ్దం వస్తుంది. ఒక పాట చివరని తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ ఆపండి. షఫుల్ ఆపండి. వాల్యూము నార్మలైజేషన్ ఉంటే దాన్ని ట్రాక్ మీద కాకుండా ఆల్బమ్ మీద పెట్టండి; ట్రాక్ మీద ఉంటే మెల్లని పాటని లాగి గట్టి పాటతో సమానం చేసేస్తుంది, వాళ్లు చేతులతో కుదిర్చిన పాళ్లు మీ ఫోను చెడగొడుతుంది. ఈక్వలైజరు, 'సరౌండు' లాంటివన్నీ కట్టెయ్యండి. ఆ కాలపు స్టీరియోలో ఒక వాద్యం బాగా ఒక పక్కకే ఉంటుంది. హెడ్‌ఫోన్లలో అది ఇబ్బందిగా ఉంటే స్పీకర్ల మీద వినండి, ఫోను పాడయిందని కాదు.

స్పీకర్ల మాటకొస్తే, మన ఊళ్లలో గదే పెద్ద చిక్కు. బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో ఇళ్లు పక్కింటితో గోడ పంచుకుని, వీధి గుమ్మం నుంచి పెరటిదాకా రైలుపెట్టెల్లా పొడుగ్గా ఉంటాయి. ఎదురెదురు గోడలు, నున్నటి గచ్చు. గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట కొట్టండి. 'జుంయ్' అని సన్నగా సాగితే శబ్దం ఆ రెండు గోడల మధ్య బంతాడుతోంది. పియానో పై స్థాయి స్వరాలకి ఆ 'జుంయ్' అంటుకుంటుంది. స్పీకర్లు పొట్టి గోడ వైపు పెట్టి గది పొడుగునా వినిపించేలా తిప్పండి. రెండింటి మధ్య 5, 6 అడుగులు, మీకూ వాటికీ అంతే. వెనక గోడ నుంచి కనీసం అడుగున్నర ముందుకి జరపండి, మూలల్లో పెడితే లోతు స్వరాలు ఉబ్బుతాయి. ఆ తర్వాత పక్క గోడ వెంట ఎవరినైనా అద్దం పట్టుకుని నడవమనండి. మీరు కూర్చున్న చోటికి అద్దంలో స్పీకరు కనిపించే దగ్గర ఒక బొంతో, మందపాటి దుప్పటో వేలాడదియ్యండి. రెండు గోడలకీ. ఖర్చు రెండు మేకులు.

ఫ్యాను ఇంకో శత్రువు. బ్రష్షుల రాపిడి, ఫ్యాను గాలి రొద దాదాపు ఒకే జాతి శబ్దాలు, ఒకదాని కింద ఇంకోటి పూడుకుపోతుంది. వైశాఖంలో ఫ్యాను ఆపమని ఎవరికీ చెప్పలేను. కానీ రెగ్యులేటరు చూసుకోండి: గుండ్రంగా ఎక్కడైనా ఆగేలా తిరిగే ఎలక్ట్రానిక్ రకం కరెంటు తరంగాన్ని కోసి పంపుతుంది, తక్కువ స్పీడులో మోటారు 'గుంయ్' మంటుంది, ఆ రొద ఒక్కోసారి ఆంప్లిఫయర్లోకీ ఎక్కుతుంది. మెట్టు మెట్టుగా తిరిగే కెపాసిటర్ రకం వేయిస్తే ఆ గొడవ పోతుంది. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టరు మీద ఆంప్లిఫయర్ నడిపినా ట్రాన్స్‌ఫార్మరు గుర్రుమంటుంది. కరెంటు పోయినప్పుడు ఆంప్లిఫయర్‌ని కట్టేసి, ఫోను బ్యాటరీ మీద వైరు ఇయర్‌ఫోన్లతో వినండి. వీధిలో ఫ్రిజ్జులు, మోటార్లు అన్నీ ఆగిపోయి ఉంటాయి కాబట్టి నిజానికి అదే అన్నిటికంటే మంచి సమయం. బరంపురంలో ఊరంతా హోరెత్తే ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే నెలలో మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

క్లబ్బు పియానోలు చాలాసార్లు శ్రుతిలో ఉండవు, దానికి కారణం తెలిస్తే కోపం రాదు. పియానోకి 88 మెట్లు, దాదాపు 230 తీగలు. మధ్య నుంచి పైకి ఒక్కో స్వరానికి మూడేసి తీగలు. ఒకటి 440 దగ్గర, పక్కది 441 దగ్గర ఉంటే సెకనుకోసారి శబ్దం ఉబ్బి తగ్గుతుంది. జనం ఊపిరి తేమ పియానో అడుగున ఉండే సౌండ్‌బోర్డు చెక్కని ఉబ్బిస్తుంది, దీపాల వేడికి తీగలు సాగుతాయి, వాటి బిగువు మారుతుంది. సాయంత్రం శ్రుతి చేసినది రాత్రి చివరి సెట్‌కి జారుతుంది. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లో పియానో ఉన్నవాళ్లకి ఇది ఏడాదంతా ఉండేదే: చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి, తీగలు తుప్పు పడతాయి, ఫెల్టుని పురుగులు తింటాయి. మంచి వాద్యకారుడు చెడిన స్వరం ఎక్కడుందో మొదటి పాటలోనే కనిపెట్టి దాని మీద ఎక్కువసేపు నిలవడు. శ్రద్ధగా వింటే ఆ తప్పించుకోవడం కూడా దొరుకుతుంది.

పియానో వాద్యకారుడు కీత్ జారెట్ సంగతి వేరు. న్యూయార్క్ బ్లూ నోట్ క్లబ్బులో 1994 జూన్ 3, 4, 5 తేదీల్లో గ్యారీ పీకాక్ (బేస్), జాక్ డిజోనెట్ (డ్రమ్స్)లతో వాయించిన ఆరు సెట్లూ ఆరు సీడీల్లో ఉన్నాయి. వాయిస్తూ మూలుగుతాడు, పాడతాడు, లేచి నిలబడతాడు. కొందరు ఆ గొంతు విని రెండు నిమిషాల్లో ఆపేస్తారు. హెడ్‌ఫోన్లలో అది మరీ చెవి దగ్గర ఉంటుంది, స్పీకర్ల మీద కాస్త వెనక్కి పోతుంది. నా మటుకు ఆ గొంతు ముందే వెళ్లి చెయ్యి ఎక్కడికి పోబోతోందో చెబుతున్నట్టుంటుంది. నచ్చకపోతే బలవంతం లేదు.

ఇక పియానో వాద్యకారుడు ఆర్ట్ టేటమ్. 1940, 41ల్లో జెర్రీ న్యూమన్ అనే విద్యార్థి మోసుకెళ్లగలిగే డిస్క్ రికార్డరుతో న్యూయార్కు హార్లెమ్‌లో తెల్లవారుజాము క్లబ్బులకి వెళ్లి తీసినవి 1973లో రికార్డుగా వచ్చాయి. గరగర బాగా ఉంటుంది. వీటిని మొదట వినకండి, విసుగొస్తుంది. పైవన్నీ అయ్యాక వింటే ఆ గరగర అడుగున చేతుల వేగం చూసి నోట మాట రాదు.

రైలెక్కితే ఒక రాత్రి దూరంలో ఉన్న కలకత్తాలోనూ ఈ సంగీతానికి చరిత్ర ఉంది. అమెరికా పియానో వాద్యకారుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ అక్కడ గ్రాండ్ హోటల్లో వాయించి, 1945లో కలరాతో అక్కడే పోయాడు. 1970ల్లో పార్క్ స్ట్రీట్ బ్లూ ఫాక్స్ రెస్టారెంటులో లూయిజ్ బ్యాంక్స్ పియానో వాయించాడు.

మన దగ్గర పియానో కంటే కీబోర్డే ఎక్కువ. ఇంట్లోనో చిన్న హాల్లోనో ఎవరైనా వాయిస్తుంటే ఇదే పద్ధతిలో తియ్యొచ్చు. కీబోర్డు లైన్ అవుట్ (వైరుతో నేరుగా శబ్దం తీసుకునే చోటు) నుంచి మాత్రమే తీస్తే శుభ్రంగా ఉంటుంది గానీ జనం పక్కింట్లో ఉన్నట్టుంటారు. కాబట్టి రెండూ తియ్యండి: లైన్ ఒక ట్రాకులోకి, గదిలో స్టాండు మీద 6, 7 అడుగుల ఎత్తున పెట్టిన స్టీరియో రికార్డరు ఇంకోదాంట్లోకి. బల్ల మీద పెట్టొద్దు, గ్లాసు పెట్టిన ప్రతిసారీ దభీమంటుంది. ఫ్యాను కింద పెట్టొద్దు, పెట్టక తప్పకపోతే ఫోమ్ టోపీ తొడగండి. 24 బిట్, 48 కిలోహెర్ట్‌జ్; గంటకి ఒక జీబీ అవుతుంది. అతి గట్టిగా వాయించే భాగం ముందే వాయించమని, రికార్డరులో శబ్దస్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా పెట్టండి. దగ్గర చప్పట్లు పాటకంటే గట్టిగా పడతాయి, ఆ ఖాళీ వాటికోసమే. ఫోనుతోనే తీస్తే ఆటోమేటిక్ గెయిన్ (శబ్దం తగ్గితే దానంతటదే పెంచేది) ఆపగలిగే యాప్ వాడండి, లేకపోతే పాట మెల్లబడ్డప్పుడల్లా ఫ్యాను రొద పైకి లేస్తుంది.

కలిపేటప్పుడు ఒక్క సవరణ చాలు. రికార్డరు కీబోర్డు స్పీకరుకి 4 మీటర్ల దూరంలో ఉంటే లైన్ ట్రాకుని దాదాపు 12 మిల్లీ సెకన్లు ఆలస్యంగా మొదలయ్యేలా జరపండి, లేకపోతే ప్రతి స్వరం రెండుసార్లు మొదలైనట్టు మసకగా ఉంటుంది. ముందు గది ట్రాకు ఒక్కటే పెట్టి వినండి, అందులో కీబోర్డు స్పష్టత ఎంత తగ్గిందో అంతవరకే లైన్ కలపండి. రికార్డరు మాత్రం బ్యాటరీ మీదే నడపండి. మధ్యలో కరెంటు పోతే అడాప్టరు మీద నడిచేది ఫైలు మూసుకోకుండానే ఆగిపోతుంది, అప్పటిదాకా తీసింది మళ్లీ తెరుచుకుంటుందన్న గ్యారంటీ లేదు.